చెట్టు కోసం దుఃఖించవచ్చునా?



ఉక్రెయిన్ దేశంలో, దొనేత్స్క్ ప్రాంతాన, సివర్‌స్కీ దొనెత్స్ నది ఒడ్డున తెల్లని సుద్దకొండలున్నాయి. వాటిని 'పవిత్ర పర్వతాలు' అంటారు. ఆ సుద్దను తొలిచిన గుహల్లో పూర్వం ఆర్థడాక్స్ మఠవాసులు ప్రార్థించారు. మట్టి అంతగా లేని ఆ వాలుల్లోనే ఒక అరుదైన పైన్ వృక్షజాతి వేరూనింది. కొండలను, అడవిని, గడ్డిమైదానాన్ని కాపాడడానికి 1997లో 40 వేల హెక్టార్లకు పైగా నేలను జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు.

2022లో యుద్ధం అక్కడికి వచ్చింది. జూన్‌లో మఠానికి చెందిన కొయ్య దేవాలయం కాలిపోయింది. అడవీ దెబ్బతిన్నది.

మనుషులే చనిపోతుంటే చెట్ల కోసం ఏడవడమేమిటని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఒక బిడ్డ ప్రాణానికి ఏ అడవీ సాటి రాదు. కాని ఆ అడవి నీడ రేపటి బిడ్డలది. వారి సొత్తును నేడు కాల్చివేస్తే అదీ పొరుగువానికి చేసిన అన్యాయమే. దేవుడు ఆదామును తోటలో ఉంచింది సాగుచేయడానికే కాదు, కాపాడడానికి కూడా అని ఆదికాండము చెబుతుంది. 2015లో 'లౌదాతో సీ' లేఖలో ఫ్రాన్సిస్ పాపుగారు గుర్తుచేసినదీ ఇదే.

ఆ యుద్ధం మనం చేయలేదు, నిజమే. అయినా ఈసారి పాపసంకీర్తనానికి ముందు ఆత్మశోధనలో ఒక్క ప్రశ్న చేర్చుకుందాం: నా తర్వాతివారికి మిగల్చవలసినది దేనినైనా నేను పాడుచేశానా?