బంగారాన్ని కనుగొన్నదెవరు?

కోలారు బంగారు గనులను ఎవరు కనుగొన్నారని తరగతిలో ఒక విద్యార్థి అడిగాడు. పుస్తకాలలోని జవాబే చెప్పాను: 1870లలో మైకేల్ లవెల్ మైసూరు సర్కారు అనుమతి పొందాడు; 1880లో జాన్ టేలర్ కంపెనీ ప్రవేశించింది. ఇంటికి వచ్చాక ఆ జవాబు నాకే తృప్తినివ్వలేదు.

లవెల్‌కు దారి చూపింది లెఫ్టినెంటు జాన్ వారెన్ రచన. 1802లో సరిహద్దు సర్వేకు వచ్చిన వారెన్‌కు మట్టి కడిగి బంగారు రేణువులు చూపినవారు మారికుప్పం ప్రాంతపు పల్లె జనం. వారికి ముందు ఇంకెందరో! ఆ నేలలో ప్రాచీనుల గోతులున్నాయి. కంపెనీ వాటి జాడ పట్టుకొనే లోతుకు దిగింది. రాతిని నిప్పుతో కాల్చి పగులగొట్టిన ఆ మనుషులు శాసనాలు వేయించలేదు. వారి గోతులే వారి శాసనాలు.

మరి పెట్టుబడికీ, విజ్ఞానానికీ పాత్ర లేదా అని మిత్రులు అడుగవచ్చు. ఉన్నది. ప్రాచీనులు చేరలేని లోతుకు, సుమారు 3 కిలోమీటర్ల వరకు, యంత్రం పోగలిగింది. 1902లోనే శివసముద్రం నుండి విద్యుత్తు వచ్చింది. విజ్ఞానాన్ని చిన్నచూపు చూడడం అభ్యుదయం కాదు. అయితే ఆ యంత్రం వెంట దిగినదెవరు? ఉత్తర ఆర్కాటు, చిత్తూరు ప్రాంతాల తమిళ, తెలుగు కూలీలు. వారిలో అధికసంఖ్యాకులు దళితులు. లాభం లండను వాటాదార్లకు చేరింది. రాతిధూళి కూలీల ఊపిరితిత్తులలో మిగిలింది. వీరి పేర్లను చరిత్ర రాయలేదుగాని, వీరి వేలిముద్రలు మాత్రం కంపెనీకి కావలసివచ్చాయి! నేరస్థులకు చేసినట్లు తమకు చేయడాన్ని సహించక 1930లో కార్మికులు సమ్మె చేశారు. బంగారం తీసిన చేతులు తమ గౌరవాన్ని తామే నిలుపుకున్నాయి.

2001లో గనులు మూతపడ్డాయి. మిగిలిన సైనైడు దిబ్బలలో 13 దిబ్బల నుండి మళ్లీ బంగారం తీసే ప్రతిపాదనకు 2024లో కర్ణాటక ప్రభుత్వం సమ్మతించింది. తీయవచ్చు, ఉపాధి కావలసిన ఊరిని దిబ్బలను చూసి బ్రతకమనడం న్యాయం కాదు. కాని పురావస్తువంటే గుడి, కోట, నాణెం మాత్రమేనా? పాత గోతులు, షాఫ్టులు, కూలీల లైన్లు కూడా చరిత్రకు సాక్ష్యాలే. వాటిని నమోదు చేయకుండా చెరిపివేస్తే, శ్రామికుణ్ణి రెండవసారి దోచినట్లే.

కనుగొనడమంటే కాగితంమీద హక్కు రాయించుకోవడం కాదు. రేపు ఆ విద్యార్థికి నా జవాబు దిద్ది చెప్పవలసి ఉన్నది: లవెల్‌కు దొరికింది అనుమతి, బంగారాన్ని కనుగొన్నవారు అంతకుముందే అక్కడ ఉన్నారు.