మన్నింపు ఒక్కనాటిలో పుట్టదు



అమెరికాలో స్థిరపడిన బిడ్డల్ని చూసి రావడానికి మన విచారణల నుండి వెళ్ళే తల్లిదండ్రులు నేడు తక్కువేమీ కాదు. బిడ్డలు న్యూజెర్సీలోనో ఫిలడెల్ఫియాలోనో ఉంటే, ఏదో ఒక శనివారం "ఆమిష్ వాళ్ళ ఊళ్ళు చూపిస్తాం రండి" అని పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ ప్రాంతానికి తీసుకువెళతారు. ఫిలడెల్ఫియాకు పడమటగా సుమారు 100 కిలోమీటర్లు. పొద్దున బయలుదేరితే రాత్రికి ఇల్లు చేరవచ్చు.

మీరూ వెళితే ఏమి చూస్తారు? బర్డ్ ఇన్ హ్యాండ్, స్ట్రాస్‌బర్గ్ అనే ఊళ్ళ దారిలో మీ కారు పక్కనే బూడిదరంగు గుర్రపు బండి నింపాదిగా సాగిపోతుంది. కంచర గాడిదలతో పొలం దున్నే రైతులు, దండెం మీద ఆరేసిన ముదురు రంగు బట్టలు, కరెంటు తీగె చేరని ఇళ్ళు కనిపిస్తాయి. "మా చిన్ననాటి పల్లెలాగే ఉందే!" అని మీరు ముచ్చట పడతారు. వారు ఫొటోలకు ముఖం చూపడానికి ఇష్టపడరు. ఆ ఇష్టాన్ని గౌరవించండి. కానీ గుర్రపు బండిని మాత్రమే చూసి వెనుదిరిగితే మీరు చూడవలసినది చూడనట్లే.

ఎవరీ ఆమిష్‌లు? 1525లో స్విట్జర్లాండులోని జ్యూరిచ్‌లో కొందరు, జ్ఞానస్నానం పెద్దవారై తెలిసి కోరుకున్నవారికే ఇవ్వాలని పట్టుబట్టారు. ఆ సంతతిలో 1693లో యాకోబ్ అమ్మన్ అనే బోధకుని వెంట విడివడినవారే ఆమిష్‌లు. మతస్వేచ్ఛ దొరుకుతుందని 18వ శతాబ్దంలో పెన్సిల్వేనియాకు ఓడలెక్కారు. శిశువులకు జ్ఞానస్నానమిచ్చే మన విశ్వాసానికీ వారి విశ్వాసానికీ తేడాలున్నాయి. వాటిని దాచనక్కరలేదు. అయినా మనం వారినుండి నేర్చుకోవలసినది ఒకటుంది.

2006 అక్టోబరు 2న ఆ ప్రాంతంలోని నికెల్ మైన్స్ అనే చోట, ఒకే గది ఉన్న ఆమిష్ బడిలోకి ఒకడు తుపాకితో చొరబడ్డాడు. ఆ చుట్టుపక్కల పాలు సేకరించే లారీ డ్రైవరే అతడు. పదిమంది బాలికలను కాల్చి తననూ కాల్చుకున్నాడు. ఐదుగురు బాలికలు చనిపోయారు. ఆ సాయంత్రమే కొందరు ఆమిష్ పెద్దలు హంతకుని భార్యాబిడ్డల వద్దకు వెళ్ళి, "మీమీద మాకు పగ లేదు" అని చెప్పి ఓదార్చారు. అతని భూస్థాపనకు కూడా ఎందరో ఆమిష్‌లు హాజరయ్యారు. తమకు వచ్చిన విరాళాలలో కొంత ఆ కుటుంబానికీ ఇచ్చారు. ఆ బడిని పది రోజులకే పడగొట్టారు. సరిగ్గా ఆరు నెలలకు, 2007 ఏప్రిల్ 2న, పిల్లలు కొత్త బడిలో అడుగుపెట్టారు.

ప్రపంచం నివ్వెరపోయింది. కన్నబిడ్డ శవం ఇంట్లో ఉండగా ఇది ఎలా సాధ్యం? వారికి కన్నీళ్ళు లేవనుకోకండి. ఆ తల్లిదండ్రుల గుండెకోత ఏళ్ళ తరబడి మానలేదు. మన్నింపు అంటే నేరాన్ని కప్పిపుచ్చడమూ కాదు, న్యాయాన్ని ఆపడమూ కాదు. పగను మనసులో కాపురం ఉండనివ్వకపోవడం.

సుగుణం అంటే నిలకడగా వేళ్ళూనిన మంచి అలవాటని పునీత తోమాసు అక్వినాసువారు బోధించారు. ఆమిష్‌లకు ఆ అలవాటు ఎలా అబ్బింది? పరలోక జపాన్ని వారు పసితనం నుండి రోజూ జపిస్తారు. మనం మన్నించకపోతే తండ్రి మనల్ని మన్నించడన్న ప్రభువు మాటను (మత్తయి 6:15) ఉన్నదున్నట్లు నమ్ముతారు. ఏటా రెండుసార్లే ప్రభువు భోజనం జరుపుకుంటారు. దానికి ముందు సంఘమంతా కూడి, అందరితోనూ సమాధానంగా ఉన్నావా అని ఒక్కొక్కరినీ అడుగుతుంది. తగవు తీరకపోతే ఆ భోజనాన్నే వాయిదా వేస్తారు.

వారు పిల్లలకు చెప్పే కథ ఒకటుంది. 1569లో నెదర్లాండ్సులో డిర్క్ విల్లెమ్స్ అనే అనాబాప్టిస్టు చెర తప్పించుకుని, గడ్డకట్టిన నీటిమీదుగా పారిపోతున్నాడు. వెంబడించినవాని కాళ్ళకింద మంచు విరిగి అతడు మునిగిపోసాగాడు. డిర్క్ వెనక్కి తిరిగి వచ్చి వానిని రక్షించాడు. అయినా పట్టుబడ్డాడు. సజీవదహనానికి గురయ్యాడు. ఆ శిక్ష వేసిన పాలకులు మన కతోలికులే, పాఠకులారా! ఇలాంటి పాపాలకే పోపు రెండవ జాన్ పాల్ గారు 2000 మార్చి 12న దేవుని క్షమాపణ వేడుకున్నారు.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. గట్టు తగాదాతో పదేళ్ళుగా అన్నతో మాటలు లేవు. ఆస్తి పంపకం నాటినుండి చెల్లెలి గడప తొక్కలేదు. కోడలి పుట్టింటివారి పేరెత్తితే మండిపడతాం. అయినా ప్రతి ఆదివారం దివ్య సత్ప్రసాదానికి చేయి చాస్తున్నాం! సహోదరునికి మనమీద ఏదైనా ఉందని గుర్తొస్తే కానుకను బలిపీఠం ముందే విడిచి, ముందు వానితో సమాధానపడి రమ్మని ప్రభువు అన్నారు (మత్తయి 5:23-24). ఆ మాట ఆమిష్‌లకు మాత్రమే చెప్పారా?

లాంకాస్టరుకు వెళ్ళే యోగం మీకు ఉండవచ్చు, లేకపోవచ్చు. మీ అన్నగారి ఇల్లు మాత్రం పక్క వీధిలోనే ఉంది. ఎవరు ముందు వెళ్ళాలని లెక్కలు చూడకండి. ఈ ఆదివారపు పూజకు ముందే ఆ తలుపు తట్టండి. "అన్నయ్యా, బాగున్నావా?" అన్న ఒక్క మాట చాలు. మిగతా మాటలకు దేవుడే దారి చూపుతాడు.

క్రీస్తు సమాధానం మీ కుటుంబాలలో నిలుచునుగాక. ఆమెన్.