ఊరగాయ జాడియు గృహశౌచమును

శౌచము ధర్మమనుటలో మాకు సందేహము లేదు. దేహమును, వస్త్రమును, గృహమును శుభ్రముగా నుంచుకొనువారు తమకే కాక పొరుగువారికిని మేలు చేయుచున్నారు. అయితే అశుచి దేనివలన గలుగునో విచారింపక, పూర్వులు దూరముంచినదెల్ల అశుచియే యని నమ్ముట శౌచమగునా? ఈ ప్రశ్నకుత్తరము మన ఊరగాయ జాడియే చెప్పగలదు.

శ్రీకాకుళ విజయనగర ప్రాంతములలో వేసవి రాగానే ఇంటింట మామిడికాయ ముక్కలు కొట్టుచుందురు. ఉప్పు కారములు పట్టించి యెండబెట్టి నిలువచేయు ఎండావకాయ యిచ్చటివారికి మిక్కిలి ప్రియమైనది. ఆ సమయమున రజస్వలయైన స్త్రీ జాడి నంటరాదని నేటికిని అనేక గృహములలో విధింతురు. ఆమె తాకినచో పెరటిలోని మల్లెయు, కరివేపయు వాడిపోవునందురు.

ఈ భ్రాంతి మనకొక్కరికే కలిగినది కాదు. క్రీ.శ. 1వ శతాబ్దమున రోమకుడైన ప్లీనీ, అట్టి స్త్రీ సోకినచో క్రొత్త ద్రాక్షారసము పులియుననియు, తోటలలోని మొక్కలు ఎండుననియు వ్రాసెను. 1920లో వియన్నా నగర వైద్యుడు బేలా షిక్ వారి దేహమునందు పువ్వులను వాడ్చు విషమొకటి కలదని ప్రతిపాదించెను. తరువాతి పరీక్షలకు ఆ వాదము నిలువలేదు. వైద్యశాస్త్రము దానిని విడిచిపెట్టినది. కాబట్టి పండితుడు పలికినంతమాత్రమున భ్రమ సత్యము కాజాలదు.

ఊరగాయ చెడుటకు కారణములు స్పష్టములు. తగిన యుప్పు సూక్ష్మజీవులను పెరుగనీయదు. పైన నిలిచిన నూనె గాలిని సోకనీయదు. ముక్కలు తడియారకున్నను, ఉప్పు తగ్గినను, తడిగరిటె ముంచినను బూజు పట్టును. తడిచేయి పురుషునిదైనను, వృద్ధురాలిదైనను ఫలమొక్కటియే. అయినను బూజు కనబడినతోడనే గరిటెను పరీక్షింపక కోడలిని శంకింతుము. తన యజాగ్రత్తకు ఫలమైనదానిని నోరెత్తలేనివారిపై మోపుట అశౌచముకంటె ఘోరమైన యధర్మము కాదా?

మఱియొక విషయమును ఆలోచింపుడు. పలాస జీడిపప్పు మన పండుగ పిండివంటలకు వన్నె తెచ్చుచున్నది. ఆ గింజలను కొట్టి, పొట్టుతీసి, యేరువారిలో అధికులు స్త్రీలు. వంశధార నీటితో పండు చేలలో నాట్లు వేయువారును వారే. వారు నెలలో నే దినమున ఆ పని చేసిరని మన మెన్నడైన నడిగితిమా? చేనికిని, పప్పుకును లేని మైల జాడికి మాత్ర మెట్లు వచ్చినది?

దూరముంచుట స్త్రీకి విశ్రాంతి నిచ్చుటకే యని కొందఱు పెద్దలు చెప్పుదురు. విశ్రాంతి మంచిదే, దానిని మేము కాదనము. కాని అలసినవారి నడిగి యిచ్చునది విశ్రాంతి. అడుగక, అవమానముతో గూర్చి విధించునది శిక్ష. పైగా ఈ యాచారము నిజమైన యశుచినే పెంచుచున్నది. సిగ్గుచేత గుడ్డలను ఎండ తగులని మూలల నారవేయుట రోగమునకు దారి. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 15–49 ఏండ్ల స్త్రీలలో సగముకంటె నెక్కువమంది రక్తహీనులు. గృహిణి అందఱికిని వడ్డించి కడపట మిగిలినది తినుచుండ, ఆమె స్పర్శను గూర్చి చర్చించుచు ఆమె విస్తరిని గూర్చి యూరకుండుట యెట్టి శౌచము?

విద్యావంతులగు గృహస్థులారా! ఆచారమును నిందించుటతో మన కర్తవ్యము తీరదు. ఈ వేసవిని జాడిని కడిగి యెండబెట్టుడు. చేతులు కడుగుకొని, తడియార తుడుచుకొని, పిమ్మట అందఱును కలిసి ముక్కలు కలుపుడు. ఏ స్త్రీని ఏ దినమని యడుగకుడు. అలసితినని యామె చెప్పినచో మీరే గరిటె పట్టుకొనుడు. జాడి చెడదు. తన దేహము దోషభూయిష్ఠమని నేర్వకుండ మీ యింట నొక బాలిక పెరుగును. శౌచము వలన మనము కోరవలసిన ఫలము ఇదియే.