అరిగిన చైను
ధ్యానభాగము: మత్తయి 5:23-24, గలతీయులకు 6:1



పాల్వంచనుండి భద్రాచలము పోవు రోడ్డు విడిచి అడవిలోనికి పోయినచో, గూడెములలోని సంఘములను దర్శించుటకు మాకు సైకిలే దిక్కు. గత వేసవిలో, తునికాకు కోత దినములలో, మంచము పట్టిన ఒక అవ్వ ప్రభువు బల్ల కోరుచున్నదని వర్తమానము వచ్చెను. సాయంకాలమే బయలుదేరితిమి. ఎత్తు బాటలో చైను మాటిమాటికి జారి, చివరకు తెగెను. చీకటిలో సైకిలు నడిపించుకొని చేరుసరికి అర్ధరాత్రి దాటెను. అవ్వ అప్పటికే ప్రభువునొద్దకు వెళ్లిపోయెను. ఆమె కుమారుడు మమ్మును ఒక్క మాటయు అనలేదు. అనినయెడల మాకు తేలికగా నుండెడిది.

చైను అరిగినదని మాకు తెలియకపోలేదు. బజారులో సైకిళ్లు బాగుచేయు సహోదరుడు మన సంఘస్థుడే. కాని మందిరపు లెక్కల విషయమై ఆయనకును మాకును మాట పట్టింపు వచ్చి, ఎనిమిది నెలలుగా పలుకరింపు లేదు. ఆయన కొట్టు గుమ్మము త్రొక్కుటకు మనస్సొప్పక అట్లే నెట్టుకొని వచ్చితిమి.

అవ్వను సమాధి చేసిన తరువాత గూడ మా గర్వము విరుగలేదు. ఖమ్మములో క్రొత్త చైను కొని, మొదటిసారి మా వాకిట మేమే వేయ పూనుకొంటిమి. పాతదానిని నేలపై పరచి కొలిచితిమి. 24 లంకెలు 12 అంగుళములుండవలెను. పావు అంగుళము ఎక్కువ వచ్చెను. ఇనుము సాగినదా? లేదు. రేకులు బాగుగనే యున్నవి. ఒక లంకె మరియొక లంకెతో కలియు చోట, చీల తిరుగు చోట, దుమ్ము చేరి, నూనె లేక, రవ్వంత రవ్వంతగా అరిగినది.

వెనుక చక్రపు నట్టులు వదులుచేసి, క్రొత్త చైను ఎక్కించి, లాకు మూసియున్న కొన చైను పరుగెత్తు దిక్కునకు ఉండునట్లు పెట్టితిమి. నడుమ నొక్కిన అర అంగుళము ఆడునట్లు చక్రమును లాగి బిగించితిమి. సంతోషముతో ఎక్కి త్రొక్కగా, క్రొత్త చైను సహా ఎగిరి జారెను! పాత చైనుతోపాటు ఫ్రీవీలు పళ్లును అరిగిపోయినవి. దానిని విప్పు పనిముట్టు మాయొద్ద లేదు. ఆ సహోదరునియొద్ద నున్నది.

వెళ్లితిమి. సైకిలు మాట ఎత్తకముందే అవ్వ సంగతి చెప్పితిమి. “మా గర్వమువలన ఆమె ఎదురు చూచి చూచి పోయినది అన్నా, మమ్మును క్షమించుము” అంటిమి. ఆయన చాలసేపు తల యెత్తలేదు. “ఆ చైను అరిగిందని ఆదివారం గుడి ముందు నాకూ కనబడుతూనే ఉంది అయ్యగారూ. పిలిచి చెప్పలేదు” అని, కన్నులు తుడుచుకొని, పానా చేతికి తీసికొనెను.

ప్రియులారా, యాకోబు యోహానులు వలలు బాగుచేసికొనుచుండిరని మార్కు 1:19లో చదువుదుము. తప్పిపోయిన సహోదరుని మంచిదారికి తెచ్చుటనుగూర్చి పౌలు గలతీయులకు వ్రాసినప్పుడును గ్రీకు భాషలో అదే క్రియను వాడెను. సహవాసమును బాగుచేయుటయు వల బాగుచేయుటవంటి చేతిపనియే. ఓపికతో, వేళ మించకముందే చేయవలసినది. ఆ రాత్రి మేము రొట్టెయు ద్రాక్షారసమును మోసికొని పోయితిమి గాని, సహోదరునితో సమాధానము లేకుండ పోయితిమి. అర్పణమును బలిపీఠము ఎదుటనే విడిచి మొదట సమాధానపడుమని ప్రభువు ఎందుకు సెలవిచ్చెనో, అవ్వ సమాధియొద్ద నేర్చుకొంటిమి.

మీ యింటను, మీ సంఘమునను కలియు చోటు ఏది అరుగుచున్నది? ఈ నెల ప్రభువు బల్లకు రాకముందే ఆ గుమ్మము త్రొక్కుడి.

ప్రభువా, మా గర్వము విరుగగొట్టి, మమ్మును ఒకరితో ఒకరిని కలుపుము. ఆమెన్.