చోటు మంచిదే, నీళ్ల మాటేమి?

చదువవలసిన భాగము: రెండవ రాజుల గ్రంథము 2:19–22



గడచిన వేసవిలో మేము ముదిగుబ్బ ప్రాంతమున ఒక చిన్న సంఘమును దర్శించితిమి. ఆరాధన ముగిసిన పిమ్మట ఒక వృద్ధురాలు గుడి మెట్టుమీద కూర్చుండి, కొంగుతో ముఖము తుడుచుకొనుచు, ఆయాసపడుచు మమ్మును ఇట్లు అడిగెను: "అయ్యగారూ, నా కొడుకు బెంగుళూరికి వచ్చేయమంటాండాడు. ఆడ సల్లగా ఉంటాదంట. ఈ ఎండలో నువ్వు బతకలేవు అంటాడు. మా ఆయన సమాధి ఈడనే ఉంది, ఈ గుడి ఈడనే ఉంది. పోతే దేవుని మీద నమ్మకం లేనట్లా? పోకుంటే బిడ్డ మాట కాదన్నట్లా?"

"దేవుడు చూచుకొనును, అమ్మా" అని చెప్పి మేము బస్సు ఎక్కితిమి. దారి పొడవునా ఆ జవాబు మమ్మును బాధించెను. అది సత్యమే గాని ఆమె అడిగినదానికి జవాబు కాదు. ఆ ప్రశ్న ఆమె ఒక్కతెదే కాదు. ఆ గుడిలో చాపలమీద ముసలివారును పిల్లలును కనబడిరి. నడివయస్సువారు కూర్చుండవలసిన చోటు చాలవరకు ఖాళీగా ఉండెను. వారు బెంగుళూరులోనో, ఇతర పట్టణములలోనో పనులు చేసికొనుచున్నారు. కనుక ఈ నెల మనము ఆ ప్రశ్ననే ధ్యానించుదము: నివసించుటకు చోటు ఏర్పరచుకొనునప్పుడు గాలిని, ఎండను, నీటిని లెక్కించుట విశ్వాసికి తగునా?

మొదట ఒక అపోహను తీసివేయవలెను. చోటు గుణమును విచారించుట అవిశ్వాసము కాదు. కనాను దేశమును వేగుచూచుటకు మనుష్యులను పంపినప్పుడు మోషే వారికిచ్చిన ఆజ్ఞను సంఖ్యాకాండము 13వ అధ్యాయములో చూడుడి. ఆ నేల సారమైనదో కాదో, అక్కడ చెట్లున్నవో లేవో చూచి, పండ్లు కూడ తెమ్మని చెప్పెను. దేవుడు వాగ్దానము చేసిన దేశమును గూర్చియే మోషే అట్లు విచారించెను. తిమోతికి తరచుగా వచ్చు జబ్బును గూర్చి పౌలు వ్రాసినప్పుడు ప్రార్థించుమని మాత్రమే చెప్పి ఊరకుండక, కడుపునకు ఏది మేలో అదియు చెప్పెను. దేహము దేవుడు చేసినది. దానికి ఎండ తగులును, చలి తగులును.

ఇప్పుడు మన నేలను ఉన్నదున్నట్టు చూతము. 2022 ఏప్రిలు నుండి ముదిగుబ్బ శ్రీ సత్యసాయి జిల్లాలో చేరియున్నను, అంతకుముందు అది అనంతపురము జిల్లాలోనిదే. ఈ ప్రాంతమునకు సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియును. నైరుతి మేఘములు పడమటి కనుమల దగ్గరనే చాలవరకు కురిసి తేలికపడి వచ్చును. ఈశాన్య ఋతుపవనములు సముద్రతీరమున కురిసి, ఇక్కడికి చేరునప్పటికి బలహీనమగును. ముంగారు వాన తప్పిన యేట వేరుసెనగ చేలు ఎండిపోవును. ఏప్రిలు, మే నెలలలో ఎండ 40 డిగ్రీలు దాటును. అట్టి ఎండలో వృద్ధులకును, గర్భిణులకును, చేలలో పనిచేయువారికిని ప్రాణాపాయము కలుగవచ్చును. ఇది కల్పన కాదు.

అయితే ఇదే ఎండిన గాలిని వెదకికొనుచు దూరదేశములనుండి రోగులు మన వైపు వచ్చిన కాలమొకటి కలదు. ధర్మవరము నుండి పాకాల పోవు రైలుమార్గము ముదిగుబ్బ, కదిరి మీదుగా మదనపల్లె వైపునకు సాగును. ఆ మదనపల్లెలో పలు ప్రొటెస్టంటు మిషనులు ఏకమై 1912లో క్షయరోగుల చికిత్సాలయమును ప్రారంభించెను. 1915లో అది ఊరి వెలుపలి విశాల స్థలమునకు మారెను. ఆ చోటునకు ఆరోగ్యవరము అను పేరు కలిగెను. డెన్మార్కు దేశస్థుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ అనేక సంవత్సరములు దానిని నడిపించెను. అప్పటికి క్షయను చంపు మందు లేదు. సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున నుండు పొడిగాలి, విశ్రాంతి, మంచి ఆహారము, ఇవే చికిత్స. మనము శాపమనుకొను పొడిగాలిని వారు వరమనుకొనిరి. మన తాతల నాటి సంఘములు దాని కొరకు ప్రార్థించెను. నేడు అది అన్ని రోగములకును వైద్యము చేయు ఆసుపత్రిగా ఉన్నది.

తరువాత జరిగినదానిని శ్రద్ధగా వినుడి. 1950 నుండి ఆ చికిత్సాలయపు వైద్యులు మదనపల్లె చుట్టునున్న గ్రామములలో ఇంటింటికి పోయి క్షయను గూర్చి పరిశోధించిరి. రోగులు ఎంతో దూరమునుండి వెదకి వచ్చిన ఆ గాలిలోనే పుట్టి పెరిగిన గ్రామస్థులలోను క్షయ కనబడెను. మంచి గాలి వారిని ఆ రోగమునుండి తప్పింపలేదు.

ఈలోగా క్షయను చంపు మందులు వచ్చెను. 1956లో మద్రాసులో మరియొక పరీక్ష మొదలాయెను. సుమారు 190 మంది బీద క్షయరోగులలో కొందరిని చికిత్సాలయమున ఉంచిరి. తక్కినవారిని వారి ఇరుకు ఇండ్లలోనే ఉంచి ఒక సంవత్సరము అవే మందులిచ్చిరి. ఇంటివద్దనున్నవారికి ఆహారము తక్కువ, విశ్రాంతి తక్కువ, గాలి వెలుతురు తక్కువ. అయినను 1959లో ఫలితములు ప్రకటించినప్పుడు ఇరువురి స్వస్థతయు దాదాపు సమానముగా నుండెను. మందు క్రమముగా అందుటయే ముఖ్యమని తేలెను. ఇంటివద్దనే క్షయకు చికిత్స చేయు పద్ధతి అటుపిమ్మట లోకమంతట వ్యాపించెను.

దీనిని బట్టి గాలి వట్టిదని మేము చెప్పుట లేదు. ఊపిరితిత్తుల జబ్బుగలవానికి గాలి భేదము తెలియును. పైగా ఒకరికి మేలైన గాలి మరియొకరికి మేలు కాకపోవచ్చును. బెంగుళూరు చల్లదనము కొడుకునకు హాయి. అదే చల్లదనము, రోడ్ల పొగ, పూల పుప్పొడి తల్లి ఆయాసమును పెంచవచ్చును. మేము చెప్పునది ఇంతమాత్రమే: ఒక చోటు మనలను రోగులనుగానో ఆరోగ్యవంతులనుగానో చేయునప్పుడు, అందులో ఆకాశపు పాలు కొంత, మనుష్యుల చేతి పాలు కొంత కలదు. ఈ రెండవ పాలును మనము సులభముగా మరచిపోవుదుము.

యెరికో పట్టణస్థులు దానిని మరువలేదు. వారు ఎలీషా యొద్దకు వచ్చి, తమ పట్టణమున్న చోటు రమ్యమైనదే గాని నీళ్లు మంచివి కావని, అందుచేత నేల నిస్సారముగా ఉన్నదని చెప్పిరి. ఎంత నిజాయితీగల మాట! మంచిని మంచి యనిరి, చెడ్డను దాచలేదు. పట్టణమును విడిచిపొమ్మని ప్రవక్త వారికి చెప్పలేదు. ఓర్చుకొనుడని కూడ చెప్పలేదు. క్రొత్త పాత్రలో ఉప్పు తెప్పించి, నీటి ఊట యొద్దకే పోయి అక్కడ వేసెను. దేవుడు ఆ నీటిని బాగుచేసెను.

మన ప్రాంతమును గూర్చియు అదే మాట చెప్పవలసియున్నది. అనంతపురము సీమలోని అనేక గ్రామములలో గాలి మంచిదే గాని లోతు బోర్ల నీటిలో ఫ్లోరైడు హెచ్చు. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినయెడల పండ్లమీద గార పట్టును, ఎముకలు బిగుసుకొనును. ఈ రోగమును 1937లోనే మన తెలుగు నేలమీద, నాటి నెల్లూరు జిల్లాలో, వైద్యులు గుర్తించిరి. నడుము వంగిన పెద్దలను చూచి "ఈ ఊరి గుణమింతే" అని మనము నిట్టూర్చినంతకాలము ఏమియు జరుగదు. నీటిని పరీక్షింపజేయుడి. పైపులో వచ్చు మంచి నీరు మన కాలనీ చివరి కుళాయి వరకు వచ్చుచున్నదో లేదో చూడుడి. ఊట యొద్దకు పోవుటయనగా ఇదే.

ఇక వెళ్లుటను, ఉండుటను గూర్చి. కొందరు లోతును చూపి వలసపోవుట పాపమందురు. లోతు చేసిన తప్పు నీళ్లు పారు మైదానమును కోరుకొనుట కాదు. అతడు గడ్డిని చూచెను గాని ఇరుగుపొరుగును చూడలేదు. వృద్ధుడైన అబ్రాహామునకు ఏమి మిగులునో విచారింపలేదు. ఆదికాండము 26వ అధ్యాయములో కరవు వచ్చినప్పుడు ఐగుప్తునకు పోవద్దని దేవుడు ఇస్సాకుతో చెప్పెను. అతడు నిలిచి విత్తెను, పూడిపోయిన బావులను మరల త్రవ్వించెను. కాని అదే గ్రంథము 46వ అధ్యాయములో, భయపడక ఐగుప్తునకు పొమ్మని ఆ దేవుడే వృద్ధుడైన యాకోబుతో చెప్పి, తాను తోడువత్తుననెను. తండ్రికి వద్దనెను, కుమారునికి పొమ్మనెను. కనుక అందరికి ఒకే కట్టడ విధించుటకు మనమెవరము?

దైవసేవకులు కూడ ఎండకు లోబడినవారే. మధురలో పనిచేయుచున్న అమెరికా మిషనరీలు వేడిమికిని జ్వరములకును తాళలేక 1845లో కొడైకెనాలు కొండమీద ఇండ్లు కట్టుకొనిరి. అక్కడ సేదదీరి మరల మైదానములోని పనికి దిగివచ్చిరి. దానివలన వారి పిలుపు చెడిపోలేదు.

మరియొకరి సంగతియు చెప్పవలెను. ఆయన మన శాఖవాడు కాడు గాని మన జిల్లా ఎరిగినవాడు. స్పెయిను దేశస్థుడైన విన్సెంట్ ఫెర్రర్ 1968లో మహారాష్ట్రను విడువవలసివచ్చి, 1969లో అనంతపురమునకు వచ్చెను. చల్లని చోట్లు ఆయనకు లేకపోలేదు. అయినను కరవు సీమను ఏర్పరచుకొని, 2009లో మరణించువరకు ఇక్కడనే నివసించెను. బత్తలపల్లిలో ఆయన సంస్థ కట్టిన ఆసుపత్రికి ముదిగుబ్బ వారెందరో పోవుచున్నారు. ఆకాశమును ఆయన మార్చలేదు. అదే 550 మిల్లీమీటర్ల వాన. అయినను రోగికి ఈ చోటు మునుపటి చోటు కాదు. ఒకడు వచ్చి నిలుచుటచేత చోటు గుణము కొంత మారెను. అట్లే ఒకడు విడిచిపోవుటచేతను కొంత మారును. చోటు ఏర్పరచుకొనువాడు "ఈ చోటు నాకేమి ఇచ్చును?" అని అడుగుట న్యాయమే. దానితోపాటు "నేను పోయిన తరువాత ఇక్కడ ఎవరి గతి యేమగును?" అని కూడ అడుగవలెను.

వెళ్లినవారలారా, మీరు దోషులు కారు. కడుపు కూటికై పోయినవారిని, జబ్బు నిమిత్తము పోయినవారిని మనలో ఎవరును నిందింపరాదు. నయోమి మోయాబునుండి తిరిగి వచ్చినప్పుడు బేత్లెహేము స్త్రీలు "ఏల పోతివి?" అని అడిగినట్లు వ్రాయబడలేదు. అయితే పండుగకు వచ్చినప్పుడు గుడికి సున్నము వేయించుటతో మీ బాధ్యత తీరిపోదు. ఇంటనున్న తల్లికి మందు నెలనెల అందుచున్నదా? ఆమె పడుకొను చోట మధ్యాహ్నము ఎంత వేడి? ఇది విచారించుడి.

ఉన్నవారలారా, "మేము విశ్వాసముతో నిలిచితిమి" అని అతిశయింపకుడి. నిలిచి ఊరకుండుట ఇస్సాకు మాదిరి కాదు. అతడు బావులు త్రవ్వించెను. రెండింటికి జగడము వచ్చినప్పుడు వాటిని విడిచి మూడవది త్రవ్వించెను.

అక్టోబరు నెలలో మేము ఆ సంఘమునకు మరల పోయితిమి. వృద్ధురాలు అక్కడనే ఉండెను. ఈసారి మేము ఆమె ఇంటికి పోయి కూర్చుంటిమి. మొదటిసారియే చేయవలసిన పని అది. ఇల్లు రేకుల ఇల్లు. వేసవిలో మధ్యాహ్నమున పొయ్యివలె కాగును. ఆమెను చంపుచున్నది ముదిగుబ్బ ఎండయే అని ఆరు నెలలు మేమందరము అనుకొంటిమి. అందులో సగము ఆ రేకులదే. కొడుకుతో ఫోనులో మాటలాడితిమి. అతడు దసరా సెలవులకు వచ్చినప్పుడే పైన తెల్లని సున్నము పూయించి, ముందర చలువ పందిరి వేయించెనట. సంఘ యౌవనస్థులు ఇద్దరు ఆమెకు మంచినీళ్ల బిందె తెచ్చి ఇచ్చుచున్నారు. ఆయాసపు మందు క్రమముగా తీసికొనుచున్నది. ఏప్రిలు, మే నెలలు కొడుకు యొద్ద ఉండి, ముంగారు వానకు తిరిగి వచ్చుటకు తల్లియు బిడ్డయు ఒప్పుకొనిరి.

"అప్పుడు మీరు దేవుడు సూసుకుంటాడు అంటిరి కదా అయ్యగారూ" అని ఆమె నవ్వెను. "సూసుకున్నాడు. మా వానికి సున్నం కొనే బుద్ధి ఇచ్చినాడు."

ప్రియులారా, మీ వీథిలో వేసవికి భయపడుచున్న వృద్ధులెవరో ఈ నెలలోనే కనుగొని, వారి ఇంటి కప్పు క్రింద కొంతసేపు కూర్చుండుడి. యెరికో నీటిని బాగుచేసిన దేవుడు మన నీటిని, మన ఇండ్లను, మన చేతులను కూడ బాగుచేయునుగాక. ఆమేన్.