దాచుకోవడం వేరు, అబద్ధమాడడం వేరు

నల్లగొండలోగానీ మహబూబ్‌నగర్‌లోగానీ ఫజర్ నమాజు ముగించుకొని మైదానం వైపు వెళితే, పరుగు సాధన చేసే కుర్రాళ్లు కనిపిస్తారు. కొందరు పోలీసు కొలువు కోసం, కొందరు సైన్యం కోసం. 2022 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం అగ్నిపథ్ పథకాన్ని ప్రకటించాక, సిపాయి కావాలనుకునే వారిలో ఎక్కువమందికి అగ్నివీర్‌గా చేరడమే దారి అయింది. నాలుగేళ్ల సేవ తర్వాత నూటికి 25 మంది వరకే సైన్యంలో కొనసాగుతారు. అయినా పేదింటి పిల్లలకు అది గౌరవమైన జీవనోపాధి. సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు 2020 జూన్‌లో గల్వాన్ లోయలో ప్రాణాలర్పించారు. 1965 యుద్ధంలో అమరుడై పరమవీరచక్ర పొందిన హవల్దార్ అబ్దుల్ హమీద్ పేరు మన ఇళ్లలో తెలియనిదెవరికి?

ఇప్పుడు ఒక యువకుణ్ణి ఊహించుకోండి. ఇంటర్ చదివే రోజుల్లో చెడు సావాసం వల్ల గంజాయికి అలవాటుపడ్డాడు. ఏడాదిన్నర కిందట మానేశాడు. తౌబా చేసుకున్నాడు. నమాజు వదలడం లేదు. అతనిపై కేసు లేదు. ఊళ్లో ఎవరికీ తెలియదు, ఒక్క తండ్రికి తప్ప. రాతపరీక్ష గట్టెక్కింది. 1600 మీటర్ల పరుగూ గట్టెక్కింది. ఇక మిగిలింది వైద్యపరీక్ష, కాగితాల తనిఖీ, ప్రమాణం.

“ఎవరైనా అడిగితే ఎన్నడూ ముట్టలేదని చెప్పు బేటా! అల్లాహ్ కప్పి ఉంచినదాన్ని నువ్వెందుకు విప్పుతావు?” అంటాడు తండ్రి.

“నేను తౌబా చేసుకున్నాను గదా అబ్బా! ఇప్పుడు అబద్ధమాడితే ఆ తౌబా ఏమైనట్టు?” అంటాడు కొడుకు.

ఇద్దరి మాటల్లోనూ ధర్మం ఉంది. అందుకే ఈ సమస్యను తేలికగా తీసిపారేయలేము. షరీఅత్ వెలుగులో దీన్ని నిదానంగా పరిశీలిద్దాం.

పాపం పాపమే

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. కొందరు “ఇది ఆకే గదా, సారా కాదు గదా” అంటారు. చిలుం పీల్చేవాణ్ణి ఫకీరని భ్రమపడి గౌరవించే అమాయకులూ ఉన్నారు. మత్తు కలిగించే ప్రతి వస్తువూ నిషిద్ధమని దైవప్రవక్త (స) బోధించారు. బుద్ధిని కప్పివేసేదే మద్యమని హజ్రత్ ఉమర్ (రజి) మింబర్ మీది నుంచి వివరించారు. గంజాయి జాతికి చెందిన హషీష్ ముస్లిం దేశాల్లో వ్యాపించినప్పుడు ఇమామ్ ఇబ్నె తైమియా వంటి పండితులు అది హరాం అని తేల్చిచెప్పారు. ఇమామ్ జర్కషీ ఈ అంశం మీదనే ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశారు.

దేశ చట్టం కూడా దీన్ని నేరంగానే చూస్తుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి సేవించినవారికి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండల నుంచి హైదరాబాదుకు పోయే సరుకుకు నల్లగొండ జిల్లా రహదారి ఒక దారి. 2021 అక్టోబరులో నల్లగొండ పోలీసులు ముఠాలను వెతుక్కుంటూ విశాఖ మన్యం దాకా వెళ్లారు. అంటే ఈ ముప్పు ఎక్కడో లేదు, మన వాకిట్లోనే ఉంది. కాబట్టి ఆ యువకుడు చేసింది చిన్న తప్పని ఎవరూ అనుకోరాదు. తప్పు చేసి, మరలివచ్చినవాడు ఎలా మెలగాలన్నదే మన ముందున్న ప్రశ్న.

తండ్రి మాటలోని ధర్మం

అల్లాహ్ తన దాసుల లోపాలను కప్పి ఉంచేవాడు. రాత్రి చేసిన పాపాన్ని ప్రభువు కప్పి ఉంచితే, తెల్లవారగానే తానే నలుగురికీ చెప్పుకు తిరిగేవాణ్ణి దైవప్రవక్త (స) తీవ్రంగా మందలించారు. మాయిజ్ (రజి) తన పాపాన్ని ఒప్పుకోవడానికి వచ్చినప్పుడు ఆయన (స) పదేపదే ముఖం తిప్పుకున్నారు. ఒప్పుకొమ్మని అతణ్ణి పంపిన హజ్జాల్ (రజి)తో, నీ వస్త్రంతో అతణ్ణి కప్పి ఉంటే నీకే మేలుగా ఉండేదని అన్నారు.

కాబట్టి తౌబా చేసుకున్నవాడు తన గతాన్ని స్నేహితులకు, చుట్టాలకు, పక్కింటివారికి చెప్పుకోవలసిన పని లేదు. చెప్పకపోవడం కపటం కాదు, షరీఅత్ నేర్పిన మర్యాద. ఫుర్ఖాన్ సూరాలో, పశ్చాత్తాపపడి విశ్వసించి సత్కార్యాలు చేసేవారి చెడులను అల్లాహ్ మంచిగా మార్చివేస్తాడన్న శుభవార్త ఉంది. ప్రభువు మార్చివేసిన దాన్ని మనం తవ్వి తీయరాదు.

అయితే ఆ తౌబా నిజమైనదై ఉండాలి. చేస్తున్న పాపాన్ని వదిలేయడం, చేసినందుకు సిగ్గుపడడం, మళ్లీ దాని జోలికి పోనని గట్టిగా నిశ్చయించుకోవడం, ఈ మూడూ ఉంటేనే తౌబా. ఎప్పుడో ఒకసారి తాగినవాడి మూత్రంలో గంజాయి జాడ కొన్ని రోజులే ఉంటుంది. రోజూ తాగినవాడిలో వారాల తరబడి ఉండవచ్చు. ఇది తెలుసుకొని, పరీక్ష గడిచేదాకా మాత్రమే మానేసేవాడు తౌబా చేసినవాడు కాడు. అతడు పాపానికి సెలవు ఇచ్చాడంతే. వేరొకరి మూత్రం పెట్టి పరీక్ష దాటేవాడు ఒక పాపం మీద మరో పాపం పేర్చుకుంటున్నాడు.

కొడుకు మాటలోని ధర్మం

అయితే అల్లాహ్ వేసిన తెర ఒకటి, మనం అబద్ధంతో అల్లుకునే తెర మరొకటి. మొదటిది కారుణ్యం. రెండవది మోసం. అడగనివారికి చెప్పకపోవడం మౌనం. అడిగే హక్కున్నవాడు అడిగినప్పుడు లేదనడం అబద్ధం. తండ్రి ఈ రెండింటినీ ఒకటిగా చూస్తున్నాడు. చిక్కంతా అక్కడే ఉంది.

సైన్యంలో చేర్చుకునే అధికారికి అడిగే హక్కు ఉంది. 1950 నాటి సైనిక చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం, అభ్యర్థికి సేవా నియమాలు వివరించి, నిర్ణీత ఫారంలోని ప్రశ్నలు అడుగుతారు. తప్పుడు జవాబిస్తే శిక్ష ఉంటుందని ముందే హెచ్చరిస్తారు. తెలిసీ తప్పుడు జవాబు ఇచ్చినట్టు తర్వాత బయటపడితే, 44వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. ఈ కట్టుదిట్టం ఎందుకు? రేపు ఆ యువకుడి చేతికి తుపాకీ ఇస్తారు. రాత్రి కాపలాలో అతణ్ణి నమ్మి పదిమంది నిద్రపోతారు. ఆ ప్రాణాలు అతని దగ్గర అమానత్. ఆ అమానత్‌ను అబద్ధంతో చేతిలోకి తీసుకోవడం ఎలా సబబవుతుంది?

“రెండర్థాలు వచ్చేలా మాట్లాడి తప్పించుకోవచ్చు గదా?” అని కొందరు అడుగుతారు. దీన్నే అరబీలో తౌరియా అంటారు. అవసరం ఉన్నచోట పండితులు దీనికి కొంత అనుమతి ఇచ్చారు. కానీ దాని ద్వారా అన్యాయంగా ఏదైనా పొందితే, ఇతరుల హక్కు కాజేస్తే అది హరాం అవుతుందని ఇమామ్ నవవీ రాశారు. ఇక ప్రమాణం సంగతికొస్తే, దాన్ని చేయించేవాడు ఏ ఉద్దేశంతో అడుగుతున్నాడో ఆ అర్థమే చెల్లుతుందని సహీహ్ ముస్లింలోని హదీసు తెలుపుతోంది. మనసులో వేరే అర్థం పెట్టుకుంటే చెల్లదు. ఇక్కడ కొడుకు మాటే నిలుస్తుంది.

అడిగింది ఎంత? చెప్పవలసింది ఎంత?

అలాగని ఆ యువకుడు అడగకముందే తన కథంతా విప్పాలా? అక్కరలేదు. ప్రశ్నను జాగ్రత్తగా వినాలి. “నిన్ను ఎప్పుడైనా అరెస్టు చేశారా? నీపై కేసు ఉందా?” అని అడిగితే, కేసు లేనివాడు లేదని చెప్పడం పచ్చి నిజమే. “మత్తుపదార్థాలు ఎప్పుడైనా వాడావా?” అని వైద్యుడు అడిగితే, “వాడాను సార్, మానేసి ఏడాదిన్నర అయింది” అని చెప్పాలి. అంతకంటే ఎక్కువ చెప్పనక్కరలేదు. ఎవరితో తాగాడో, ఎన్నిసార్లు తాగాడో తనంతట తాను ఏకరువు పెట్టనవసరం లేదు.

మన సుప్రీంకోర్టు కూడా ఇటువంటి తేడానే చూపింది. 2016 జూలైలో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇలా తేల్చింది: ఉద్యోగార్థి ఫారంలో ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి, దాచరాదు. అయితే ఫారంలో స్పష్టంగా అడిగిన విషయాలనే చెప్పవలసి ఉంటుంది. అంతా నిజం చెప్పినా అభ్యర్థి గతాన్ని పరిశీలించే అధికారం ఉద్యోగమిచ్చేవారికి ఉంటుంది.

ఒక్క సందర్భంలో మాత్రం మౌనం సరికాదు. ఇంకా ఆ కోరిక లాగుతూ ఉంటే, లేదా ఆ మత్తు వల్ల భయాలు, లేని మాటలు వినిపించడం వంటి బాధలు మిగిలి ఉంటే, ఎవరూ అడగకపోయినా తానే వైద్యుడికి చెప్పాలి. బాగయ్యేదాకా ఆగాలి. అది గడిచిపోయిన పాపం కాదు, తోటివారి ప్రాణాలకు ఎదురుగా ఉన్న ప్రమాదం.

నిజానికి వెల ఉంటుంది

నిజం చెబితే కొలువు తప్పకుండా వస్తుందని మనం హామీ ఇవ్వలేము. రాకపోవచ్చు. తబూక్ ప్రయాణానికి వెళ్లకుండా ఉండిపోయిన వారిలో చాలామంది కపటులు సాకులు చెప్పి బయటపడ్డారు. హజ్రత్ కాబ్ బిన్ మాలిక్ (రజి) మాటకారి. సాకు చెప్పడం ఆయనకు కష్టం కాదు. అయినా తనకు ఏ కారణమూ లేదని ఒప్పుకున్నారు. ఫలితంగా 50 రోజులు ఆయనతో ఎవరూ మాట్లాడలేదు. విశాలమైన భూమి ఇరుకైపోయినట్టయింది. ఆ తర్వాతే క్షమాపణ దిగివచ్చింది. తనను కాపాడింది సత్యమేనని ఆయన జీవితాంతం చెప్పుకున్నారు. గమనించండి, సత్యం కాపాడింది, కానీ 50 రోజుల తర్వాత.

మరో ఉదంతం సైనికుడిదే. చరిత్రకారులు అబూ మిహ్‌జన్ సఖఫీ (రజి) గురించి రాశారు. మద్యం అలవాటు వల్ల ఖాదిసియా యుద్ధ సమయంలో ఆయన సంకెళ్లలో ఉన్నారు. సేనాపతి హజ్రత్ సాద్ (రజి) భార్యను బతిమాలి, బతికి ఉంటే తిరిగి వచ్చి సంకెళ్లు వేసుకుంటానని మాటిచ్చి, సేనాపతి గుర్రమెక్కి వీరోచితంగా పోరాడారు. పోరు ఆగగానే తిరిగివచ్చి సంకెళ్లలో కాళ్లు పెట్టారు. సంగతి తెలిసి సాద్ (రజి) ఆయన్ను విడుదల చేశారు. ఇక మద్యం ముట్టనని ఆయన నిశ్చయించుకున్నారు. తాగినవాడు మంచి సైనికుడు కాలేడని ఎవరనగలరు? కానీ ఆయన విలువను నిలబెట్టింది కత్తి ఒక్కటే కాదు. ఎవరూ చూడనప్పుడు తిరిగివచ్చి సంకెళ్లు వేసుకున్న ఆ మాట నిలకడ.

కొలువు ఒక ద్వారం. అది మూసుకుంటే అల్లాహ్ ఇంకొకటి తెరవగలడు. అబద్ధంతో తెరిచిన ద్వారం ముందు మాత్రం సేవ సాగినంతకాలం భయంతో నిలబడాలి.

మన వంతు

ఈ పరీక్ష ఒక్క యువకుడికే కాదు, మనందరికీ ఉంది. ప్రవర్తన ధ్రువపత్రం ఇచ్చే సర్పంచ్, విచారణకు వచ్చిన పోలీసుకు జవాబిచ్చే పొరుగువాడు, వీరందరూ సాక్షులే. సాక్షి అబద్ధమాడరాదు. పాత పగ తీర్చుకోవడానికి, మారినవాడి గతాన్ని తవ్వనూరాదు. ఇప్పుడు తనకు కనిపిస్తున్నదే చెప్పాలి. పెళ్లి విషయంలో సలహా అడిగిన ఫాతిమా బిన్తె ఖైస్ (రజి)కు దైవప్రవక్త (స) అవసరమైనంత మేరకే లోపాలు తెలిపారు. సాక్షికి అదే కొలమానం.

2011లో ఢిల్లీ పోలీసు ఉద్యోగానికి సంబంధించిన ఒక కేసులో, పడుచు వయసు పిల్లల చిన్న పొరపాట్లకు జీవితాంతం ముద్ర వేయరాదని సుప్రీంకోర్టు భావించింది. న్యాయస్థానం చూపిన ఈపాటి దయ మన మొహల్లాలో కనిపించాలి. తౌబా చేసుకున్నవాణ్ణి “గంజాయోడు” అని పిలిచే నాలుకలే అతణ్ణి అబద్ధం వైపు నెడతాయి. నిజం చెప్పినవాణ్ణి కించపరిచే సమాజంలో నిజం చెప్పేదెవరు?

ఇంకా ఆ ఉచ్చులోనే ఉన్న పిల్లలున్న తల్లిదండ్రులు పరువుకు భయపడి కూర్చోవద్దు. వ్యసన విముక్తి కోసం 14446 అనే ఉచిత జాతీయ హెల్ప్‌లైన్ ఉంది. స్వయంగా చికిత్సకు వచ్చి దాన్ని పూర్తిచేసే వ్యసనపరుడికి, సేవనానికి సంబంధించిన కేసుల్లో రక్షణ కల్పించే 64-ఏ సెక్షన్ ఆ 1985 చట్టంలోనే ఉంది.

ఆ తండ్రికి మనం చెప్పేది ఇదే: భాయీ, మీ బిడ్డ గతాన్ని ఊరికి చెప్పకండి, అది మీ ధర్మం. కానీ ప్రమాణం దగ్గర అతని నోట అబద్ధం పలికించకండి. గంజాయి నుంచి బయటపడిన బిడ్డను అబద్ధానికి అప్పగించకండి. ఆ కొడుక్కు చెప్పేది: బేటా, అడగనిది చెప్పకు, అడిగినదానికి అబద్ధం చెప్పకు, ఫలితాన్ని ప్రభువుకు వదిలెయ్.

అల్లాహ్ మన లోపాలను కప్పి ఉంచుగాక! మన నాలుకలను సత్యంపై నిలుపుగాక! మన యువతను మత్తు నుంచి కాపాడుగాక! ఆమీన్.