తిని ఓడించాలా?

2019లో బ్రిటన్ టీవీలో ఒక ప్రకటన వచ్చింది. కూరగాయలు రాక్షసుల్లా లేచి లోకాన్ని ఆక్రమించడానికి వస్తాయి. పెద్దవాళ్ల వల్ల కాదు, పిల్లలే వాటిని తిని ఓడించాలి. ఐటీవీ అనే టీవీ సంస్థ, వెజ్ పవర్ అనే మరో సంస్థ కలిసి నడిపిన ప్రచారం ఇది. దాని పేరుకి అర్థం కూడా అదే: తిని ఓడించండి. పిల్లలు కూరలు తినాలన్న ఉద్దేశాన్ని ఎవరూ తప్పు పట్టరు.

అయినా నా మనసు ఒప్పలేదు. మన కొండ ఊళ్లలో మామిడి కొత్త, చిక్కుడు కొత్త చేసుకుంటాం. దేవతకు పెట్టకముందు కొత్త కాయ నోట పెట్టకూడదు. చెట్టు నిండా కాయలున్నా పిల్లలు చూస్తూ ఆగుతారు. (దొంగచాటుగా ఒకటీ అరా కొరికేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, అది వేరే సంగతి.) ఆ ఆగడంలోనే కాయ మీద ఆశ, మర్యాద రెండూ పెరుగుతాయి. తిండి పెట్టే మొక్కను శత్రువని చెప్పి తినిపిస్తే కడుపులోకి కూర పోతుంది, నిజమే. దాంతోపాటు ఇంకో మాట కూడా లోపలికి పోతుంది.

దీనికి గట్టి జవాబు ఒకటుంది. రోడ్డు సరిగా లేని గూడేనికి కూడా అయిదు రూపాయల చిప్స్ ప్యాకెట్ చేరింది. దాని వెనక బొమ్మలున్నాయి, పాటలున్నాయి, సినిమావాళ్లున్నారు. అది ఇరవై నాలుగు గంటలూ పిల్లలతో మాట్లాడుతుంటే ఆకుకూర ఒక్కటే నోరు మూసుకుని కూర్చోవాలా? అమెరికాలో 2013లో సెసమీ స్ట్రీట్ బొమ్మల్ని పండ్ల మీద, కూరగాయల మీద వేసుకోవడానికి రుసుము లేకుండా అనుమతి ఇచ్చింది ఈ ఆలోచనతోనే. ఆకలి తెలిసిన తల్లికి ఈ వాదన ఇంకా బాగా నచ్చుతుంది. బొమ్మ వల్లో, భయం వల్లో, బిడ్డ తింటే చాలు.

కానీ ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ప్రకటన తమను ఒప్పించడానికి వచ్చిందన్న సంగతి సరిగా తెలియదని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం 2004లోనే చెప్పింది. కెనడాలోని క్యుబెక్‌లో 1980 నుంచి పదమూడేళ్లలోపు పిల్లలకు గురిపెట్టిన వ్యాపార ప్రకటనలకు నిషేధం ఉంది. అమ్మేది ఏమిటన్నది ఆ చట్టానికి ముఖ్యం కాదు, ఎవరికి గురిపెట్టారన్నదే ముఖ్యం. నాకు ఈ పద్ధతి సబబుగా కనిపిస్తుంది. మన దేశంలో 2022 మార్గదర్శకాలు పిల్లల కార్యక్రమాల మధ్య చిప్స్, కూల్‌డ్రింకుల వంటి వాటి ప్రకటనలు వేయకూడదన్నాయి. ముందు అది గట్టిగా అమలు కావాలి. రెండు ప్రకటనలు పిల్లవాడి మనసులో కొట్టుకుంటే నలిగేది వాడే.

కొత్తల పండుగ కూడా ప్రచారమే కదా అని అడగొచ్చు. కొంతవరకు అవును. కానీ ఆ పండు బాగుంటుందని చెప్పిన అవ్వ అదే ఆకులో కూర్చుని తింటుంది. ఎందుకు ఆగాలని పిల్ల ఎదురు అడిగితే జవాబు చెబుతుంది, లేదా కసురుతుంది. టీవీలో గొంతుని ఎదురు అడగడానికి లేదు.

మనకు సంబంధించిన అసలు చిక్కు ఇంకొకటుంది. ప్రకటనకు డబ్బు పెట్టేది అమ్మేవాడు. తునికి పండుకు, మొర్రి పండుకు, వెదురు కొమ్ముకు, అడవి దుంపకు ప్రకటన ఎవరు వేస్తారు? వాటి గురించి ఎవరూ మాట్లాడకపోయేసరికి అవి తక్కువ తిండి అయిపోయాయి. హాస్టల్‌కు వెళ్లిన పిల్ల ఇంటి నుంచి తెచ్చిన దుంపల్ని పక్కవాళ్లు చూడకుండా తింటుంది. ఆ సిగ్గును ఎవరూ పనిగట్టుకుని నేర్పలేదు. గోడల మీదా తెరల మీదా రోజూ చూసే తిళ్లలో తన తిండి లేకపోవడమే నేర్పింది.

మంచి ప్రకటన కూడా ఈ పని చెయ్యగలదు. అంగన్‌వాడీ గోడల మీద చాలా చోట్ల యాపిల్, ద్రాక్ష, క్యారెట్ బొమ్మలుంటాయి. సంతకు ఎప్పుడో గానీ రాని యాపిల్‌ను చూపించి తినమంటే, వారం కూలిడబ్బుతో సంతకు వచ్చిన తండ్రి ఏం చేస్తాడు? ఆ గోడ మీదే ఒక తునికి కొమ్మ గీయొచ్చు. నేరేడు గీయొచ్చు, సీతాఫలం గీయొచ్చు. ఏది ఏ నెలలో పండుతుందో పక్కన రాయొచ్చు. రాసేది కోయ భాషలోనో సవర భాషలోనో అయితే ఇంకా మేలు. దాన్ని చూసిన పిల్లలు, ఆ చెట్టు ఎక్కడుందో టీచరమ్మకే చూపిస్తారు.